కోవిల్పట్టిలో ఒక పూట

విరుదునగరం నుంచి తిరునెల్వేలికి ఒంటరిగా పోతూ కోవిల్పట్టిలో ఒక పూట ఆగవలసివస్తే, ఎండకు జడిసి బస్టాండులోనే కూర్చోకండి. ఎట్టయపురం బస్సెక్కండి, పదిహేను కిలోమీటర్ల దూరం.

1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరని మీకు తెలుసు. 1835లో ముత్తుస్వామి దీక్షితులవారు కన్నుమూసిందీ అక్కడే. వారి సమాధి ఉంది. తమ్ముడు బాలుస్వామి ఆ సంస్థాన విద్వాంసుడు. ఈయన మనుమడు, దత్తపుత్రుడూ అయిన సుబ్బరామ దీక్షితులు అన్నగారి కృతులను స్వరాలతో సహా కాపాడి, తెలుగు జమీందార్ల ఆదరణతో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథం రచించారు. 1904లో అది ఆ ఊళ్ళోనే, తెలుగు లిపిలో అచ్చయింది.

ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం మనవి. మన పిల్లల్లో ఎందరు ఆ పుటలు చదవగలరు? ఈ సెలవుల్లో ఓనమాలు దిద్దించండి. సెలవు.