స్టెంటు కథ, గుఱక మాట

తెలుగు పండితునికి హృద్రోగ చరిత్రతో పనేమిటని మిత్రులు అడుగవచ్చు. నేను వెదకబోయినది ఒక మాట పుట్టుక మాత్రమే. ‘స్టెంట్’ ఏ లాటిన్ ధాతువునుండో వచ్చి ఉంటుందనుకొన్నాను. తీరా చూస్తే అది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ స్టెంట్ ఇంగ్లండులో దంతవైద్యుడు. పండ్ల అచ్చు తీయటానికి 1856లో ఒక పదార్థాన్ని తయారుచేశాడు. వేడికి మెత్తబడి చల్లారితే గట్టిపడేది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, ముఖాలు ఛిద్రమైన సైనికులకు చర్మం అతికే డచ్చి శస్త్రవైద్యుడు యోహానెస్ ఎస్సర్, అతికిన చర్మం కదలకుండా దానినే ఆనికగా వాడాడు. పంటి అచ్చు పేరు అలా ‘ఆనించి నిలిపేది’ అనే అర్థం సంతరించుకొంది. అర్థపరిణామం పాఠం చెప్పిన రోజులలో ఈ ఉదాహరణ తెలిసి ఉంటే ఎంత బాగుండేదో! ‘నాళధారిణి’ వంటి సమాసం కల్పించవచ్చు గాని, ‘స్టెంటు వేశారు’ అని పల్లెలో అవ్వ కూడా అంటున్నప్పుడు ఆ శ్రమ వృథా.

ఇక గుండె సంగతి. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ హృదయధమనిలోనికి సన్నని గొట్టం పంపి, దాని కొనన ఉన్న బుడగను ఉబ్బించి, అడ్డును తొలిసారి ఒత్తివేశాడు. ఆ బుడగలను ఆయన తన వంటింటి బల్లమీద కూర్చొని తయారుచేసుకొన్నాడు. అయితే ఒత్తిన నాళం కొందరిలో మళ్ళీ మూసుకుపోయేది. అందుకే 1986లో ఫ్రాన్సులో జాక్ పుయెల్, స్విట్జర్లాండులో ఉల్రిక్ సిగ్వార్ట్ లోహపు జాలిని లోపలే నిలిపి వచ్చారు. దానితోనూ చిక్కు తీరలేదు. గాయం మానే క్రమంలో జాలి సందులనుండి కండ పెరిగి దారిని ఇరుకు చేసేది.

ఆ కండను ఆపిన మందు కథ నాకు పురాణకథలా తోచింది. 1964లో పరిశోధకులు పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ ద్వీపంనుండి మట్టి తెచ్చారు. స్థానికులు ఆ ద్వీపాన్ని రాపా నుయ్ అంటారు. ఆ మట్టిలోని సూక్ష్మజీవినుండి మాంట్రియల్‌లో పనిచేసే సురేంద్రనాథ్ సెహగల్ బృందం ఒక ద్రవ్యాన్ని వేరుచేసి, ద్వీపం పేరిట రాపమైసిన్ అన్నది. 1980 దశకంలో ఆ ప్రయోగశాల మూతపడగా, కంపెనీ ఆసక్తి చూపని ఆ సూక్ష్మజీవిని సెహగల్ తన యింటి ఫ్రీజరులో దాచుకొన్నాడు. ఆ మందే తరువాత మార్పిడి చేసిన మూత్రపిండాలను కాపాడింది. 1999లో బ్రెజిల్‌లో ఎడ్వార్డో సౌజా చేతుల్లో స్టెంటు పూతగా గుండెకు చేరింది. 2003లో అమెరికా ప్రభుత్వం మందుపూత స్టెంటుకు అనుమతి నిచ్చింది. సెహగల్ కన్నుమూసినది ఆ సంవత్సరమే.

మన వైపు చూస్తే, 1990 దశకంలో హైదరాబాదులో సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి చౌక స్టెంటును రూపొందించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధరలు కట్టింది: మందుపూత లేనిదానికి రూ. 7,260, ఉన్నదానికి రూ. 29,600. మధ్యతరగతికి అది పెద్ద ఊరట.

మా వీథిలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారున్నారు. స్టెంటు వేయించుకొన్నారు. ఆయన గుఱక పక్కింటికి వినబడుతుంది. నడుమ నడుమ ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తారట. నిద్రలో శ్వాసభంగమని, ముక్కుకు తొడుగు ధరించాలని వైద్యులు చెప్పారు. “గుండె బాగుచేశారు కదా పంతులుగారూ, ఇంకా ఈ తొండమెందుకు?” అంటారు. నేను ఇదంతా చదవటానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

ఈ జబ్బుకు సాహిత్యంతో చుట్టరికముంది. డికెన్స్ పిక్విక్ పేపర్స్ నవలలో ఎక్కడపడితే అక్కడ నిద్రపోయే లావుపాటి కుర్రవాడున్నాడు. 1956లో అమెరికా వైద్యులు ఇటువంటి రోగికి ఆ నవల పేరే పెట్టారు. నిద్రలో గొంతు మూసుకొని ఊపిరి ఆగుతున్నదని 1965లో ఫ్రాన్సు, జర్మనీ పరిశోధకులు కనుగొన్నారు. అప్పట్లో చికిత్స గొంతుకు రంధ్రం చేయటమే! సిడ్నీలో కోలిన్ సల్లివన్ దుమ్ము పీల్చే యంత్రపు మోటారును తిరగవేసి, ముక్కులోనికి గాలి ఒత్తే సాధనం చేసి 1981లో ప్రకటించాడు. మాస్టారి తొండానికి మూలపురుషుడు ఆయనే.

ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది, రక్తపోటు ఎగురుతుంది. రాత్రికి పదులసార్లు, కొందరికి వందలసార్లు. స్టెంటు నిలిపేది ధమనిలో ఒక్క చోటు. ఈ తాకిడి నాళాలన్నింటికీ. 2016లో సింగపూర్ వైద్యుల ఆధ్వర్యంలో, మన దేశం కూడా పాల్గొన్న అధ్యయనం వెలువడింది. స్టెంటు చికిత్స పొందిన 1,311 మందికి వారంలోపు నిద్రపరీక్ష చేస్తే 45 శాతం మందిలో శ్వాసభంగం బయటపడింది. మూడేళ్ళలో గుండెపోటు, పక్షవాతం వంటి ఉపద్రవాల అంచనా వీరిలో 18.9 శాతం, మిగిలినవారిలో 14. స్టెంట్లలో అత్యధికం మందుపూతవే.

మరి తొడుగు ధరిస్తే ఆ ముప్పు తగ్గుతుందా? మాస్టారికి దీనిని దాచకుండానే చెప్పాను. హృద్రోగమో పక్షవాతమో వచ్చిన 2,717 మందిపై అదే 2016లో వెలువడిన మరొక అధ్యయనంలో ఉపద్రవాలు తగ్గలేదు. కాని వారు ధరించినది సగటున రాత్రికి 3.3 గంటలే. స్వీడన్ అధ్యయనంలో నాలుగు గంటలకు తక్కువ కాకుండా ధరించినవారికి మేలు కనబడింది. అయితే అంత శ్రద్ధ గలవారు మందులూ వేళకు వేసుకొంటారేమో! పగటి కునికిపాట్లు తగ్గటం, రక్తపోటు కొంత దిగటం మాత్రం పలుమార్లు రుజువైనవే. లెక్కల మాస్టారు గనుక, 3.3 దగ్గర ఆగి, రాత్రి నిద్ర ఏడు గంటలైతే అది సగమైనా కాదు కదా అన్నారు.