తాత అమ్మని రెండెకరాలు

1956లో రాష్ట్రాలు విడిపోయినా మా హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అప్పుడు సేలం జిల్లా, 1965లో ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి. జిల్లాలు మారినా తాత పంట మారలేదు: వానకు రాగులు, నడుమ సాళ్లలో అనపలు.

1970లలో సిప్కాట్ వచ్చి చేలు ఫ్యాక్టరీలైనాయి. చుట్టూ అందరూ అమ్మినా తాత రెండెకరాలు ఉంచుకున్నాడు. "జీతం నెలకొకసారి వస్తాది. రాని నెల ఏం తింటారు?" అనేవాడు.

2008లో అమెరికా బ్యాంకులు కూలితే ఇక్కడ లారీల అమ్మకాలు పడిపోయినాయి. నాయనకు షిఫ్టులు తగ్గినాయి. తాత ఒక్క మాటా అనలేదు, రాగుల మూట తెచ్చి వాకిట్లో దించినాడు. ఆ ఏడు సంగటి, అనపగింజల పులుసుతో అప్పు లేకుండా గట్టెక్కినాము.

తాత పోయినాడు. ఆ రెండెకరాల్లో ఈ ఏడూ రాగులు చల్లినాము.