రాగి నుంచి పోత ఇనుము దాకా: ఒక పాత జాగ్వార్, డిస్కు బ్రేకు చరిత్ర

పోయిన శీతాకాలంలో ఒక మిత్రుడు తన 1985 నాటి జాగ్వార్ ఎక్స్‌జె6 కారుకు బ్రేకు రోటర్లు మార్చవలసివచ్చి, ఏవి కొనాలో తేల్చుకోలేక నాకు ఫోను చేశాడు. నున్నటివి, రంధ్రాలు పొడిచినవి, గాడులు తీసినవి, రెండూ ఉన్నవి, తుప్పు పట్టకుండా పూత పూసినవి ఇలా ఎన్నో రకాలు. అన్నిటికన్నా చవకైన జతకీ, అన్నిటికన్నా ఖరీదైన జతకీ ధరలో మూడింతల తేడా. “అన్నీ ఇనప పళ్ళేలే కదా, ఈ తేడాలు ఎక్కణ్ణించి వచ్చాయి?” అన్నాడు. సమాధానం కోసం నూట ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళవలసివచ్చింది. (బ్రిటిషువారు డిస్కు అనేదాన్నే అమెరికావారు రోటరు అంటారు. ఈ వ్యాసంలో రెండు మాటలూ వాడుతున్నాను.)

ముందు ఒక చిన్న లెక్క. బండిని ఆపడమంటే దాని గతిశక్తిని వేడిగా మార్చి గాలిలో కలపడమే. మనుషులతో కలిసి 2,000 కిలోలు తూగే కారు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి 9 లక్షల జౌళ్ళు. రెండున్నర లీటర్ల పైచిలుకు చన్నీళ్ళను మరిగే స్థితికి తేవడానికి అది చాలు. గట్టిగా బ్రేకు వేస్తే ఆ వేడి అంతా నాలుగు సెకన్లలో పుడుతుంది. అందులో మూడింట రెండు వంతులు ముందు చక్రాలదే. అంత తక్కువ వ్యవధిలో గాలి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. వేడిని మొదట రోటరు లోహమే తనలో దాచుకోవాలి, ఆ తరువాత తీరిగ్గా గాలికి వదలాలి. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. డిస్కు బ్రేకు చరిత్ర అంతా ఈ వేడిని ఎక్కడ దాచాలి, ఎలా వదిలించుకోవాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారుచేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. చక్రంతోపాటు తిరిగే పలచని లోహపు పళ్ళేన్ని రెండువైపుల నుంచి నొక్కి పట్టడం ఆయన ఊహ. సైకిలు చక్రపు అంచును రెండు రబ్బరు ముక్కలు పట్టుకోవడం చూసినవారికి ఇది వింతగా తోచదు. చిక్కల్లా నొక్కే ముక్క దేనితో చెయ్యాలన్నది. లాంచెస్టర్ రాగి వాడాడు. రాగి లోహం మీద రాసుకుంటూ భరించలేని కీచుశబ్దం చేసింది. పైగా ఆనాటి మట్టిరోడ్ల దుమ్ము పడి త్వరత్వరగా అరిగిపోయింది. శబ్దానికి మందు హెర్బర్ట్ ఫ్రూడ్ కనిపెట్టిన ఆస్‌బెస్టాస్ కలిపిన పూతల్లో దొరికింది. వాలులో బండి దిగేటప్పుడు రైతులు పాత బూట్ల తోలును చక్రానికి అడ్డం పెట్టడం చూసి ఫ్రూడ్‌కు ఈ వ్యాపకం పట్టిందని చెప్తారు. ఆయన పేరులోని అక్షరాలకు భార్య పేరులోని మొదటి అక్షరం చేర్చి తారుమారు చేస్తే వచ్చిందే ఫెరోడో అన్న కంపెనీ పేరు.

కానీ ఆ 1902లోనే ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకు రూపొందించాడు. తరువాతి అర్ధశతాబ్దం దానిదే. ఇందులో అన్యాయమేమీ లేదు. డ్రమ్ము మూసిన డబ్బా కనుక దుమ్ము లోపలికి పోదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. తిరిగే డ్రమ్ము లోపలి షూను తనతోపాటు లాక్కుపోతూ తనకు తానే మరింత గట్టిగా బిగించుకుంటుంది. అందువల్ల కాలి బలం తక్కువ చాలు. డిస్కుకు ఆ సౌకర్యం లేదు. బరువైన కారులో డిస్కు పెట్టాలంటే కాలికి సాయంగా బూస్టరు కావాలి.

డ్రమ్ము బలహీనత కూడా ఆ మూసిన డబ్బాలోనే ఉంది. వేడి బయటకు పోదు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది, పెడలు కిందికి దిగిపోతుంది. డిస్కు వేడెక్కితే ప్యాడ్ల వైపుకే ఉబ్బుతుంది. తిరుమల ఘాటు రోడ్డు మీద అంబాసిడర్ కారులో దిగినవారికి ఇది పాఠం చెప్పనక్కర్లేదు. అనుభవమున్న డ్రైవరు బ్రేకు తొక్కుతూ దిగడు, రెండో గేరులో ఇంజను చేతనే బండిని పట్టిస్తాడు. డ్రమ్ముల మీద నమ్మకం ఎంతవరకో ఆయనకు తెలుసు.

అమెరికాలో 1949లో రెండు ప్రయత్నాలు జరిగాయి. క్రాస్‌లీ అనే బుల్లికారుకు విమానాల నుంచి తెచ్చిన పద్ధతిలో డిస్కు బ్రేకులు అమర్చారు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు అవి తుప్పుపట్టి బిగుసుకుపోయేవి. ఎక్కువ కాలం నిలవలేదు. క్రైస్లర్ క్రౌన్ ఇంపీరియల్‌లో పెట్టింది వేరే రకం: మూసిన డబ్బా లోపల రెండు పళ్ళేలు ఎడంగా జరిగి గోడలను ఒత్తేవి. బాగానే పనిచేశాయి కానీ ఖరీదు ఎక్కువై కొన్నేళ్ళలో ఆగిపోయాయి.

డిస్కుకు దశ తిరిగింది పందెపు బాటలో. డన్‌లప్ కంపెనీ విమానాల బ్రేకుల్లో సంపాదించిన అనుభవంతో జాగ్వార్‌తో కలిసింది. టెస్టు డ్రైవరు నార్మన్ డ్యూయిస్ నెలల తరబడి సి-టైప్ కారును పరిగెత్తించి ఆపుతూ, మరిగే ద్రవాన్నీ, వెనక్కి జరిగిపోయే ప్యాడ్లనూ ఒక్కొక్కటిగా సరిచేయించాడు. 1952 జూన్‌లో రైమ్స్ పందెంలో స్టర్లింగ్ మాస్ ఆ కారుతో గెలిచాడు. మరుసటి ఏడు ల మాన్‌లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సి-టైప్ 24 గంటల పందెం గెలిచింది. సగటు వేగం గంటకు 105.85 మైళ్ళు. ఆ పందెంలో సగటు వంద మైళ్ళు దాటడం అదే మొదటిసారి. ఆరు కిలోమీటర్ల తిన్నని దారి చివర మలుపు దగ్గర డ్రమ్ముల కార్లు ముందుగానే వేగం తగ్గించుకోవలసివస్తే, జాగ్వార్‌లు ఇంకా ముందుకు పోయి బ్రేకు వేసేవి. అదీ రాత్రి, పగలు, గంటల తరబడి. 1955లో డ్రమ్ములతోనే ల మాన్‌కు వచ్చిన మెర్సిడెస్, డ్రైవరు వెనక పైకి లేచే గాలిపలకను అదనపు బ్రేకుగా అమర్చుకోవలసివచ్చింది.

అదే 1955లో సిట్రోయెన్ డిఎస్ ముందు చక్రాలకు డిస్కులతో సామాన్యుల చేతికి వచ్చింది. ఆ డిస్కులు చక్రాల దగ్గర కాక, లోపల గేరుబాక్సును ఆనుకుని ఉండేవి. గతుకుల్లో చక్రంతోపాటు ఎగిరిపడే బరువు తగ్గితే ప్రయాణం మెత్తగా ఉంటుందన్నది తర్కం. 1961లో జాగ్వార్ ఇ-టైప్ వెనక చక్రాలకు ఇదే తర్కం పట్టింది, 1968లో వచ్చిన ఎక్స్‌జె6 దాన్ని వారసత్వంగా పొందింది. ఆ కారులో వెనక సీటు సుఖానికి ఇదొక కారణం. మెకానిక్కు కష్టానికి కూడా ఇదే కారణం. వెనక డిస్కులు డిఫరెన్షియల్‌కు అటూ ఇటూ అతుక్కుని ఉంటాయి. వాటి వేడికి నూనె సీళ్ళు గట్టిపడి కారతాయి, కారిన నూనె డిస్కుల మీదే పడుతుంది. మార్చాలంటే మొత్తం వెనక చట్రాన్నే కిందికి దించడం మేలంటారు. 1986లో వచ్చిన కొత్త తరం ఎక్స్‌జె6లో డిస్కులు చక్రాల దగ్గరికి చేరాయి.

ఇక మిత్రుణ్ణి ఊరించిన రంధ్రాల సంగతి. అతని కారు ముందు డిస్కులు రెండు పలకల మధ్య రెక్కలున్నవి. తిరిగేటప్పుడు నడుమ నుంచి గాలిని పీల్చి అంచుల నుంచి వదులుతాయి. ఆ రెక్కలు లోహపు వేడిని గాలికి అందించే మార్గం. పలక మీద పొడిచే రంధ్రాల కథ వేరు. పోర్షె 917 వంటి పందెపు కార్లలో బరువు తగ్గించడానికీ, ఆనాటి ప్యాడ్లలోని జిగురు కాలి వెలువడే వాయువుకు, వానకాలం నీటికి దారి ఇవ్వడానికీ రంధ్రాలు వచ్చాయి. అవి పగుళ్ళకు మొదలని ఆ జట్లకు తెలుసు. పందెం అయ్యాక డిస్కు పారేస్తారు. ఇప్పటి ప్యాడ్లలో ఆ వాయువు సమస్య లేదు. నిలిచింది రంధ్రం అందం ఒక్కటే. మామూలు డిస్కుకు రంధ్రం పొడవడమంటే వేడిని దాచుకునే లోహాన్ని తవ్వి పారేయడం. కొన్ని ఖరీదైన కార్లు కర్మాగారం నుంచే రంధ్రాలతో వస్తాయి నిజమే. కానీ వాటి డిస్కులు ఆ లెక్క చూసుకునే పెద్దవిగా చేస్తారు. గాడులకు నా అభ్యంతరం అంత తీవ్రం కాదు. చప్పుడు చేస్తాయి, ప్యాడ్లను త్వరగా అరగదీస్తాయి, అంతే.

అసలు తేడా కంటికి కనబడని చోట, పోతలో ఉంది. రోటరు బూడిదరంగు పోత ఇనుము. అందులో కర్బనం గ్రాఫైటు రేకులుగా పరుచుకుని ఉంటుంది. ఆ రేకులు వేడిని త్వరగా పాకిస్తాయి, కంపనాలను మింగి కీచుశబ్దాన్ని అణుస్తాయి. ఉక్కు ఇంతకన్నా బలమైనదే కానీ ఈ రెండు గుణాల్లో దీనికి సాటి రాదు. కర్బనం మరికొంత పెంచిన పోతలకు ఈ గుణాలు ఇంకా ఎక్కువ. చవక రోటరులో సాధారణంగా కోత పడేది ఇక్కడే: పలక పలచన, రెక్కలు తక్కువ, పోత నాసి. 1990లలో చైనా నుంచి చవక రోటర్లు వెల్లువెత్తితే, అమెరికా తయారీదారుల ఫిర్యాదు మీద 1997లో ప్రభుత్వం డంపింగు వ్యతిరేక సుంకాలు విధించింది. తరువాత అవీ తొలగిపోయాయి. ఏ దేశపు పోత అన్నదానికన్నా ఎలాంటి పోత అన్నదే ప్రధానం. మిత్రుడికి నేను చెప్పిన ఉపాయం మోటుది: రెండు రకాల డిస్కుల బరువు కనుక్కొని, కొలతలు ఒకటే అయితే బరువైనది తీసుకో.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి. కొన్నేళ్ళ క్రితం నా సొంత కారుకు ముందు రోటర్లు నేనే మార్చాను. మూడు నెలలకు బ్రేకు వేస్తే స్టీరింగు వణకసాగింది. రోటరు వంకరపోయిందని అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. తప్పు నాది. హబ్బు మీది తుప్పు గీకకుండా కొత్త రోటరు తొడిగాను, నట్లు చేతివాటంగా బిగించాను. అంచు దగ్గర కాగితం మందమంత, అంటే ఒక మిల్లీమీటరులో పదోవంతు ఊగిసలాట ఉన్నా, రోటరు ప్రతి చుట్టుకూ ఒకేచోట ప్యాడుకు తగిలి అసమానంగా అరుగుతుంది, లేదా ప్యాడు పదార్థం అక్కడక్కడ అతుక్కుంటుంది. మందంలో తేడా వెంట్రుకలో నాలుగోవంతు ఉంటే చాలు, కాలికి తెలుస్తుంది. వంకరపోవడం అనేది చాలావరకు అపోహేనని పందెపు ఇంజనీరు కారల్ స్మిత్ ప్రత్యేకంగా వ్యాసమే రాశాడు. అది చదివాక అమ్మినవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ప్యాడ్ల దగ్గర చరిత్ర ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఊపిరితిత్తులకు చేటని ఆస్‌బెస్టాస్‌ను వదిలించుకున్న క్రమంలో వేడిని పాకించడానికి ప్యాడ్లలోకి రాగి పొడి చేరింది. లాంచెస్టర్ రాగే మళ్ళీ! బ్రేకు దుమ్ముతో ఆ రాగి వాగుల్లో చేరి సాల్మన్ చేపలకు ముప్పు తెస్తోందని 2010లో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. 2025 నుంచి కొత్త ప్యాడ్లలో రాగి బరువులో అర శాతం మించకూడదు. అందుచేత పాత కారు పుస్తకంలో రాసిన ప్యాడే కావాలని పట్టుబట్టడం ఇక కుదరదు. ప్యాడు మారినప్పుడు రోటరు మీద పాత పదార్థపు పొరను తొలగించి, కొత్త జతను మెల్లగా వేడిచేస్తూ అలవాటు పడనివ్వాలి.

మిత్రుడు చివరికి ముందు చక్రాలకు నున్నటి, కర్బనం ఎక్కువున్న పోత డిస్కులే కొన్నాడు. ఆ కారులో డిస్కు హబ్బు వెనక అయిదు బోల్టులతో బిగించి ఉంటుంది కనుక హబ్బు విప్పి, బేరింగులకు కొత్త గ్రీజు పెట్టి, తుప్పంతా గీకి, డయల్ గేజితో ఊగిసలాట కొలిచి మరీ అమర్చాం. ఒక శనివారం పూర్తిగా పట్టింది. వెనక డిస్కులను కారు కింద పడుకుని మైక్రోమీటరుతో కొలిస్తే కనీస మందానికి ఇంకా కొంత పైనే ఉన్నాయి. డిఫరెన్షియల్ సీళ్ళు కారడం మొదలైన రోజున రెండు పనులూ ఒక్కసారే చేద్దామనుకుని, చేతులు కడుక్కున్నాం.