కిల్‌పెక్ చర్చి: రాతిలో ప్రజలెక్కడ?

మధ్యయుగపు కళ అనగానే మన విమర్శకుల దగ్గర రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. అదంతా పాలకవర్గ భావజాలమని కొందరు కొట్టిపారేస్తారు. అందులో కొంటెబొమ్మ ఒకటి కనబడితే చాలు, ప్రజల తిరుగుబాటని మరికొందరు సంబరపడతారు. రెండూ తొందరపాటేనని నా అభిప్రాయం. ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దు దాపున, హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న కిల్‌పెక్ గ్రామ చర్చి ఇందుకు మంచి సాక్ష్యం.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించి భూములు పంచుకున్నారు. కిల్‌పెక్ విలియం ఫిట్జ్ నార్మన్ పాలబడింది. అతని కొడుకు హ్యూ 1134లో ఇక్కడి చర్చిని గ్లాస్టర్ మఠానికి దానమిచ్చాడు. ఇప్పుడున్న కట్టడం సుమారు 1140 నాటిది. పక్కనే కోట దిబ్బ. ఆ పొరుగు కాకతాళీయం కాదు. రైతు నుంచి దొర తన వంతు గుంజుకునేవాడు, చర్చి పంటలో పదోవంతు తీసుకునేది.

కట్టడం చిన్నది, ఎర్రని ఇసుకరాయిది. గుండ్రని కమానులు, మందపు గోడలు, ఇరుకు కిటికీలు: ఇది రోమనెస్క్ పద్ధతి. దక్షిణ ద్వారం మీద జీవవృక్షం, పక్క స్తంభాలపై తీగల్లో చిక్కుకున్న యోధులు. చూరు కింద వరసగా బొమ్మరాళ్లు. వాటిలో 85 మిగిలాయి. ఒక రాతిమీద కుక్కా కుందేలూ జంటగా ఉన్నాయి, మరొకదానిమీద ఒక స్త్రీ తన మర్మాంగాన్ని రెండు చేతులా తెరిచి చూపుతోంది. అది కామంపై హెచ్చరికా, చెడును పారదోలే రక్షా అన్నది పండితులు నేటికీ తేల్చలేదు.

ఇది తిరుగుబాటే అయితే మఠం ఎలా ఊరుకుంది? ఆ రాళ్లు చాటున లేవు, చర్చి చుట్టూ నడిచే ప్రతివారికీ కనబడతాయి. కనుక అనుమతి ఉన్నట్టే. పోనీ, అంతా యజమాని ఆజ్ఞేనా? అదీ కాదు. ఇదే పనితనం షాబ్డన్ చర్చి కమానుల మీదా, ఎర్డిస్లీలోని జ్ఞానస్నానపు తొట్టి మీదా కనిపిస్తుంది. షాబ్డన్ కట్టించినవాడు హ్యూ కాదు, ఒలివర్ డి మెర్లిమండ్. యజమాని మారినా శైలి మారలేదంటే ఆ శైలి యజమానిది కాదు, ఊరూరా తిరిగి పనిచేసిన శిల్పులది. సొమ్మూ స్థలమూ దొరవి, చెయ్యి పనివాళ్లది. వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

షాబ్డన్ గతి వేరు. 1750ల నాటికి ఎస్టేటు యజమానులు పాత చర్చిని పడగొట్టి, దాని కమానులను వనంలో అలంకారంగా నిలబెట్టారు. వానలకు ఆ బొమ్మలు దాదాపు అరిగిపోయాయి. గ్రామస్థుల ప్రార్థనకు ఉపయోగపడుతూ వచ్చిన కిల్‌పెక్ మాత్రం నిలిచింది.

ఈ శిల్పానికి చరిత్రకారులు హ్యూ పేరు పెట్టలేదు. ‘హెర్‌ఫర్డ్‌షైర్ స్కూల్’ అన్నారు. మనం మాత్రం సాహిత్య చరిత్రలో ఇప్పటికీ ‘రాయల యుగం’ అని పోషకుడి పేరుతోనే పాఠం చెబుతున్నాం. నేనూ తరగతిలో అలాగే చెబుతున్నాను, పాఠ్యపుస్తకం అలాగే ఉంది గనుక. ఆ పేరు మార్చే పని సాహిత్య విద్యార్థులు మొదలుపెట్టాలి.