ఇప్పనూనె, షియా వెన్న: దూరపు చుట్టాలు

మనవరాలు పెదాలకు పూసుకునే డబ్బీ మీద 'షియా బటర్' అని ఉంది. ఆఫ్రికా చెట్టు గింజల కొవ్వు అది. మన ఇప్పచెట్టుదీ అదే సపోటా కుటుంబం. బడిలో నేను ఇలుప్పై అని నేర్చుకున్నాను. ఇంట్లో అవ్వ ఇప్ప అనేది.

దీనికి 1771లో బాసియా లాంగిఫోలియా అని శాస్త్రనామం పెట్టింది కోనిగ్. 1768లో తరంగంబాడికి వచ్చిన వైద్యుడు, 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయినాడు. తర్వాత షియాకూ కొన్నాళ్లు బాసియా అనే ఇంటిపేరే ఉండింది.

ఇప్పనూనె చలికి గడ్డకడుతుంది, ఒంటి వేడికి కరుగుతుంది. లిప్‌స్టిక్‌లో అయితే కార్నౌబా, కాండెలిల్లా లాంటి మైనం కలిపితే కడ్డీ నిలుస్తుంది.

గుడి దీపానికి పోయగా మిగిలింది అవ్వ మడమ పగుళ్లకు రాసేది. మనవరాలికి షియా తెలుసు, ఇప్ప తెలియదు. మీ ఊళ్లో ఆ చెట్టుంటే పిల్లలకు తెలుగు పేరుతోనే చూపించండి.