ఫైళ్లకు కావలి

కంప్యూటరులోని ఒక ఫైలు మారినదో లేదో తెలిసికొనుటకు మొదట ఒకే మార్గముండెను: ప్రోగ్రాము మాటిమాటికి పోయి దాని తేదీని చూచుట. తరచుగా చూచినచో యంత్రమునకు వృథాశ్రమ. అరుదుగా చూచినచో వార్త ఆలస్యము.

మార్పులన్నియు మూల ప్రోగ్రామైన కెర్నెల్ ద్వారానే జరుగును గదా, అదియే కబురు చెప్పరాదా? ఈ యోచనతో 2001లో వెలువడిన లినక్స్ 2.4లో డీనోటిఫై చేరినది. కాని డైరెక్టరీని తెరచి ఉంచనిదే అది పనిచేయదు. కావలి సాగినంతసేపు ఆ డిస్కును వేరుచేయుటకు వీలులేకుండెను. ఏ ఫైలు మారినదో కూడ అది చెప్పలేకపోయెను.

2005లో లినక్స్‌లో చేరిన ఐనోటిఫై ఈ రెండు లోపములను తీర్చినది. జాన్ మెక్‌కచన్, రాబర్ట్ లవ్ దీని నిర్మాతలు. ఐనను కబుర్ల వరుస నిండినచో కొన్ని జారిపోవును. అప్పుడు మరల అన్నిటిని స్వయముగా చూచుకొనవలసినదే. కావలి ఉన్నను తనిఖీ తప్పదు.