చట్టం పోయినా చెరగని ముద్ర

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది కదా, అమెరికాలో వర్ణవివక్ష ఇంకెక్కడిది అనేవాళ్లు నెల్లూరు తీరపు యానాదుల చరిత్ర చూడాలి. ఉప్పుటేళ్లలో చేపలు పట్టడం, ఎలుక కలుగుకు పొగకుండ పెట్టి ఊది పంట దక్కించడం వీళ్ల విద్య. నెల్లూరు సీమ రైతులు రాత్రి కాపలాకూ వీళ్లనే పెట్టుకున్నారు. అయినా 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించాక, యానాదుల్లో ఎందరో పుట్టుకతోనే అనుమానితులయ్యారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో అలాంటివాళ్లను కట్టడిలో ఉంచే సెటిల్‌మెంటు వెలిసింది. కాపలావాడే దొంగెలా అవుతాడన్న ప్రశ్న దొరలకు తట్టలేదు, తట్టినా వాళ్లకు అక్కర్లేదు.

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది, రిజర్వేషన్లున్నాయి, ఇక లోపం చదువుకోకపోవడమే అంటారు. సగం నిజం. సెంటు భూమి, స్థిరమైన చిరునామా లేనివాడికి కులధ్రువీకరణ పత్రమే గగనం. అది లేనిదే రిజర్వేషన్ కాగితం దాటదు. అమెరికాలోనూ అంతే: 1930ల నుంచి నల్లవాళ్ల పేటలకు ఇంటి అప్పులు నిరాకరించారు. 1968లో దాన్ని నిషేధించినా, తాత కొనలేకపోయిన ఇల్లు మనవడికి ఆస్తిగా రాదు. ఈ పోలికకు హద్దుంది: నల్లవాళ్ల పూర్వీకులను బానిసలుగా ఓడల్లో తెచ్చారు, యానాదులు ఈ నేలవాళ్లే. కానీ రెండుచోట్లా అన్యాయం చట్టంలోంచి ఆస్తిలోకి, పోలీసు కంటిలోకి మారింది. ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త తెగలను పుట్టు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరులో, అంటే చట్టం రద్దయిన 72 ఏళ్లకు.